చుక్క పడకుండా పది రౌండ్లు

ప్లంబరుకి ఈ లోకంలో చూస్తే ఒళ్లు మండేది ఒక్కటే: రంధ్రం. గోడలో ఉన్నా, పైపులో ఉన్నా, ట్యాంకులో ఉన్నా, దాన్ని మూసేదాకా అతనికి కాలు నిలవదు. ముప్పై ఏళ్లుగా అదే బతుకు. ఎవరింట్లోనైనా నీళ్లు కారుతున్నాయని ఫోన్ వస్తే చాలు, కంచం ముందునుంచి కూడా లేచిపోతాడు.

సొంత వంటింట్లో టాపు మాత్రం ఆరేళ్లుగా కారుతోంది. టప్, టప్, టప్. వాషరు మార్చాలి. "రెండు నిమిషాల పని" అంటాడు. రెండు నిమిషాల పనే కదా, ఎప్పుడైనా చెయ్యొచ్చని ఆరేళ్లుగా చెయ్యలేదు. భార్య ఆ టాపు కింద ఒక గిన్నె పెట్టి, నిండిన నీళ్లు మొక్కలకి పోసుకుంటూ కాపురం నెట్టుకొస్తోంది.

అలాంటి మనిషి చేతికి ఒక రేసు కారు దొరికింది. ఇక చెప్పేదేముంది.

కారు అతనిది కాదు, మామగారిది. నలభై అయిదేళ్ల నాటిది. ఆకుపచ్చ రంగు, ముందు రెండు గుండ్రటి దీపాలు, తలుపు వేస్తే బీరువా వేసినట్టు బరువైన చప్పుడు. మామగారు బస్సు డిపోలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. రోజూ సాయంత్రం కారు కింద ఆ రోజు పేపరు పరుస్తారు. పొద్దున్నే దాన్ని లాగి, వెలుతురులో పట్టుకుని, నూనె చుక్క ఏమైనా పడిందా అని చూస్తారు. ముందు కారు వార్తలు, ఆ తర్వాతే లోకం వార్తలు.

పెళ్లయిన దగ్గర్నుంచి ప్లంబరుకి ఆ కారు తోలాలని కోరిక. ముప్పై ఏళ్లలో దాన్ని తోసిందే కాని తోలింది లేదు. చలికి స్టార్టు కాకపోతే మామగారు కిటికీలోంచి తల బయటపెట్టి "అల్లుడూ, కాస్త వెనక్కి రా" అనేవారు. వెనక్కి రావడమంటే తొయ్యడం. చిన్నల్లుడిని మాత్రం ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవారు. చిన్నల్లుడు పళ్ల డాక్టరు. తొయ్యమంటే చేతులు పాడవుతాయట.

ఒక ఆదివారం మామగారు ఇద్దరు అల్లుళ్లనీ షెడ్డుకి పిలిచారు.

"కంటి డాక్టరు ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు. ఒకడు నిలబడితే ఇద్దరు కనిపిస్తున్నారు. ఇప్పుడు మీరు నాకు నలుగురు. ఇద్దర్ని భరించడమే కష్టంగా ఉంటే!"

పళ్ల డాక్టరు చేతులు కట్టుకుని అన్నాడు: "కారు నాకిచ్చెయ్యండి మామగారూ. క్లినిక్ ముందు అద్దాల గది కట్టించి అందులో పెడతాను. ఏసీ కూడా పెట్టిస్తా. పేషెంట్లు చూసి నొప్పి మర్చిపోతారు."

"కారుకి ఏసీ దేనికయ్యా? అదేమన్నా పన్ను పీకించుకుంటుందా?"

"నేను తోలతాను మామగారూ" అన్నాడు ప్లంబరు. అంత గట్టిగా అంటానని అతనే అనుకోలేదు. ఆ గొంతు ఎవరిదా అని తనే ఒకసారి పక్కకి చూశాడు.

మామగారు కళ్లు చికిలించి ఇద్దరు ప్లంబర్లలో ఎవరు అన్నారా అని చూశారు.

"సరే. వచ్చే నెల మొదటి ఆదివారం మా పాత కార్ల క్లబ్బు రేసు ఉంది. పాత విమానాల మైదానంలో పది రౌండ్లు. నేను పద్దెనిమిదేళ్లు తోలాను. ఒక్కసారి గెలవలేదు, ఒక్కసారి మధ్యలో వదిలెయ్యలేదు. నువ్వూ పది రౌండ్లు పూర్తి చేసి కారుని తెచ్చి ఈ షెడ్డులో నిలబెట్టు. కింద పేపరు పరిచి గంటసేపు చూస్తాను. చుక్క పడకపోతే తాళం నీది. పడిందా, కారు అద్దాల గదికి పోతుంది. మాటంటే మాటే."

"చుక్కా? చుక్కలు ఆపడమే కదండీ నా బతుకు!"

వెనక నిలబడిన భార్య చిన్నగా దగ్గింది. అది జలుబు దగ్గు కాదు, వంటింటి టాపు దగ్గు.

క్లబ్బు వాళ్ల నిబంధనల పుస్తకం తెచ్చుకుని ప్లంబరు వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు. పదో తరగతి గడప దాకా వెళ్లి తిరిగొచ్చిన చదువు మరి. కారు తయారైన రోజుల్లో పొగ తగ్గించడానికని కంపెనీవాళ్లు ఇంజన్‌కి బోలెడు సరంజామా తగిలించారు. బెల్టుతో తిరిగే గాలి పంపు, పొగలో కొంత వెనక్కి పంపే ఇనప గొట్టం, పెట్రోలు ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బా. రేసుకి అవన్నీ బరువే కాబట్టి తీసెయ్యొచ్చని పుస్తకంలో ఉంది.

"తియ్యి. కానీ ఒక్క నట్టు కూడా పారెయ్యకు" అన్నారు మామగారు. "రేసు అయ్యాక మళ్లీ అన్నీ బిగించాలి. రోడ్డు మీద జనం మన పొగ పీల్చాల్సిన పనిలేదు."

ప్లంబరు అన్నీ తీసి, అట్టపెట్టెల్లో పెట్టి, పేర్లు రాశాడు. తర్వాత పుస్తకంలో ఆ పేజీ చివరి వాక్యం చదివాడు. "తొలగించిన పరికరముల రంధ్రములన్నియు గట్టిగా మూసివేయవలెను."

ఆ వాక్యం చదవగానే అతని కళ్లు చెమర్చాయి. తన కోసమే ఎవరో కూర్చుని రాసినట్టుంది. పుస్తకం మూసి జేబులో పెట్టుకుని పనిలోకి దిగాడు. వాక్యం తర్వాత పేజీలోకి కూడా పాకిందన్న సంగతి అతనికి తట్టలేదు.

మొత్తం పదహారు రంధ్రాలు. ప్రతిదానికీ ఇత్తడి బిరడా, దాని మరల చుట్టూ తెల్ల టేపు మూడు చుట్లు. పదిహేను అయ్యాక, ఇంజన్ పైమూత మీద ఒక పొట్టి గొట్టం కనిపించింది. ఒకసారి ఇంజన్ తిప్పి చూస్తే అందులోంచి నూనె వాసనతో పల్చటి పొగ వచ్చింది. వేలు పెట్టి చూశాడు, వెచ్చగా తగిలింది.

"ఇదీ అసలు దొంగ!" అన్నాడు. "ఇన్నేళ్లుగా ఇంజన్ బలమంతా ఇక్కణ్నుంచి కారిపోతోంది!"

దానికి ప్రత్యేకంగా పెద్ద బిరడా, టేపు ఆరు చుట్లు.

ఫొటో తీసి ఆన్‌లైన్‌లో పాత కార్ల గ్రూపులో పెట్టాడు. "పదహారు రంధ్రాలు, పదహారు బిరడాలు. లీకు చూపించినవాళ్లకి నా దండం." మెచ్చుకుంటూ నలభై బొటనవేళ్లు వచ్చాయి. ఒక్కడు మాత్రం "బాబాయ్, ఇంజన్ ఊపిరి గొట్టం ఎక్కడ పెట్టారు?" అని అడిగాడు. ప్లంబరు జాలిపడి జవాబిచ్చాడు: "ఇది మనిషి కాదు నాయనా, ఇంజన్. దీనికి ఊపిరెందుకు?"

మర్నాడు పొద్దున షెడ్డు ముందు ఇంజన్ స్టార్టు చెయ్యడానికి అంతా సిద్ధం. పళ్ల డాక్టరు తెల్ల చొక్కాలో, కొలతల టేపుతో వచ్చాడు. అద్దాల గదికి కారు పొడవు కావాలట.

మామగారు కుర్చీలోంచి అడిగారు: "అన్నీ మూశావా అల్లుడూ?"

"అన్నీ మామగారూ!"

"పైమూత మీద గొట్టం కూడా?"

"దానికి డబల్ టేపు!"

"సంతోషం" అన్నారు మామగారు. లేచి, కుర్చీ ఎత్తుకుని, పది అడుగులు వెనక్కి వెళ్లి స్తంభం చాటున వేసుకుని కూర్చున్నారు. ఎండ తగులుతోంది కాబోలనుకున్నాడు ప్లంబరు.

ఇంజన్ స్టార్టయింది. మెత్తగా, ముద్దుగా తిరిగింది. ప్లంబరు గర్వంగా యాక్సిలరేటర్ నొక్కాడు. ఇంకాస్త నొక్కాడు. ఇంజన్ గొంతు మారింది. కడుపుబ్బరం పట్టిన మనిషిలా మూలిగింది. అంతలో నూనె చూసే ఇనప పుల్ల దాని గొట్టంలోంచి రివ్వున లేచి, షెడ్డు రేకుకి ఠంగున తగిలి, వచ్చి పూలకుండీలో గుచ్చుకుంది. పుల్ల ఖాళీ చేసిన దారిలోంచి నల్లటి నూనె చిమ్మి పళ్ల డాక్టరు చొక్కా మీద, అక్కణ్నుంచి మీసం మీద పడింది. ఇంజన్‌కి ఎన్ని అతుకులున్నాయో అన్నిట్లోంచీ చెమట పట్టినట్టు నూనె కారింది.

ప్లంబరు గబుక్కున ఇంజన్ ఆపాడు.

"అన్నయ్యా" అన్నాడు పళ్ల డాక్టరు మీసం తుడుచుకుంటూ, "రంధ్రాలు పూడ్చడం నా పని కూడా. కానీ నేను పేషెంటు ముక్కు మాత్రం పూడ్చను."

స్తంభం చాటునుంచి మామగారి తల వచ్చింది. "అయిపోయిందా? రావచ్చా?"

"మీకు ముందే తెలుసా మామగారూ? చెప్పొచ్చు కదా!"

"ముప్పై ఏళ్ల అనుభవం కదా నీది. చెబితే వింటావా?"

వినేవాణ్ని కానని ప్లంబరుకి తెలుసు. అదే ఎక్కువ బాధించింది.

ఇంటికొచ్చి పెరట్లో కూర్చుని చేతుల నూనె సబ్బుతో రుద్దుకుంటుంటే భార్య వచ్చి పక్కన మెట్టు మీద కూర్చుంది.

"ఏవండీ, పై అంతస్తువాళ్ల బాత్రూమ్ గుడగుడమంటే వెళ్లారు కదా, అప్పుడేం తేల్చారు?"

"మేడ మీదికి గాలి గొట్టం పెట్టకుండా కట్టారు. పైపుకి ఊపిరాడక కొట్టుకుంటోంది. గాలి పోయే దారి లేకపోతే ఎక్కడో ఒకచోట తన్నుకొస్తుంది. ఇంత చిన్న విషయం తెలీదు, వాళ్లూ మేస్త్రీలే..."

అక్కడ ఆగిపోయాడు. చేతుల మీద నురగ అలాగే ఉండిపోయింది.

"చెప్పండి, ఆగారేం?" అంది భార్య.

జేబులోంచి పుస్తకం తీసి పేజీ తిప్పాడు. పైనే ఉంది. "ఇంజన్ ఊపిరి గొట్టమును మాత్రము మూయక, కనీసము రెండు లీటర్లు పట్టు డబ్బాలోనికి వదలవలెను. అందుండి చుక్కయైనను బాటపై పడరాదు."

విషయం ఇంతే. ఇంజన్ లోపల పేలే పొగలో కొంత కిందికి, నూనె ఉండే గదిలోకి జారుతుంది. అది బయటికి పోవాలి. రోడ్డు మీద తిరిగే కారులో ఆ పొగని ఇంజనే మళ్లీ పీల్చి కాల్చేస్తుంది. రేసు కారులో దాన్ని ఒక డబ్బాలోకి వదిలితే, పొగతో వచ్చిన నూనె డబ్బాలో ఆగి, గాలి మాత్రం పైకి పోతుంది. ముప్పై ఏళ్లుగా ప్రతి ఇంటి మీదా అతను నిలబెడుతున్న గాలి గొట్టం కథే.

ఆ సాయంత్రం గ్రూపులో పూలకుండీలో గుచ్చుకున్న పుల్ల ఫొటో పెట్టి, కింద రాశాడు: "ఇంజన్ గొంతు నులిమిన మొదటి ప్లంబరుని నేనే. నిన్న ఊపిరి గురించి అడిగిన బాబుకి నా దండం." ఈసారి మూడొందల బొటనవేళ్లు వచ్చాయి. అప్పట్నుంచి గ్రూపులో అతని పేరు బిరడా బాబాయ్.

చెమట పట్టిన అతుకులన్నీ విప్పి కొత్త సీళ్లు వెయ్యడానికి వారం పట్టింది. ప్లంబరు కారు కింద, మామగారు పైన కుర్చీలో. "ఆ బోల్టు కాదు, దాని తమ్ముడు." "అంత బిగించకు, అది పైపు కాదు." కళ్లు సరిగా కనిపించని మనిషి చప్పుడు విని చెప్పేవారు. ముప్పై ఏళ్లలో వాళ్లిద్దరూ అన్ని మాటలు మాట్లాడుకున్నది ఆ వారంలోనే.

తర్వాత డబ్బా. లావాటి ఇనప పైపు ముక్క కోసి, రెండు వైపులా మూతలు వేశాడు. లోపల నూనె ఆగడానికి గిన్నెలు తోమే స్టీలు పీచు కూరాడు. పైన వంపు గొట్టం, దాని మూతికి దోమల జాలీ, అచ్చం మేడ మీద పెట్టినట్టే. లోపల ఫ్లష్ ట్యాంకులోని రాగి బంతి. నూనె నిండుతుంటే బంతి లేచి తీగని తాకుతుంది, స్టీరింగ్ పక్కన ఎర్ర బల్బు వెలుగుతుంది. అడుగున, ఖాళీ చేసుకోడానికి ఒక టాపు.

టాపు కోసం కొట్టుకి వెళ్లబోతుంటే వంటింట్లోంచి పిలుపులా వినిపించింది: టప్. పాతకాలపు ఇత్తడి, బంగారంలా మెరుస్తోంది. అతను దాన్ని విప్పి, వంటింటికి కొత్త టాపు బిగించి, భార్యని పిలిచి చూపించాడు.

"ఆరేళ్లకి కొత్త టాపు!" అంది ఆమె. తర్వాత అనుమానంగా అడిగింది: "మరి పాతది ఏం చేశారు?"

"కారుకి పెట్టా. అంత మంచి ఇత్తడి పారేస్తామా?"

"వాషరు వేశారా?"

"రెండు నిమిషాల పని. రేసు లోపు వేస్తా."

రేసు రోజు మైదానంలో పద్నాలుగు పాత కార్లు. తనిఖీ చేసే ఆయన బానెట్ ఎత్తి డబ్బా చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఇదేంటి?"

"ఊపిరి డబ్బా అండీ."

"ఈ టాపు?"

"ఖాళీ చేసుకోడానికండీ."

"టీ కూడా వస్తుందా?" అని నవ్వి, చీటీ అంటించి వెళ్లిపోయాడు.

జెండా ఊగింది. ముప్పై ఏళ్లు వెనకనుంచి తోసిన కారుని మొదటిసారి ముందునుంచి చూస్తూ తోలుతున్నాడు ప్లంబరు. మూడో రౌండుకి హాయిగా ఆఖరి స్థానంలో స్థిరపడ్డాడు. వెనక ఎవరూ లేరు కాబట్టి ఎవరి ఒత్తిడీ లేదు. హెల్మెట్ లోపల తనలో తనే నవ్వుకున్నాడు. ఆరు, ఏడు. ఎనిమిదో రౌండు మలుపులో ఎర్ర బల్బు వెలిగింది.

డబ్బా నిండిపోవచ్చింది. ఎందుకంటే, ఎందుకైనా మంచిదని పొద్దున ఇంజన్‌లో ఒక లీటరు నూనె ఎక్కువ పోసింది తనే. మంచిదనే మాట అడ్డం పెట్టుకుని అతను చెయ్యని తప్పు లేదు.

ఇంకా రెండు రౌండ్లు. ఆగకుండా వెళితే డబ్బా పొంగి నూనె బాట మీద పడుతుంది. ఎవరి కారో దాని మీద జారుతుంది. ఇక్కడే వదిలేస్తే కారు అద్దాల గదికి. కానీ అడుగున టాపు ఉంది కదా! స్టీరింగ్ పక్కకి తిప్పి, సామాన్లు పెట్టుకున్న చోట కారు ఆపాడు.

"బకెట్టు!" అని అరిచాడు.

భార్య బకెట్టు పట్టింది. రేసు మధ్యలో ఒక మనిషి కారు దిగి, బానెట్ ఎత్తి, టాపు తిప్పుతుంటే చూసేవాళ్లంతా లేచి నిలబడ్డారు. "బాబాయ్, మా ఇంటికి నీళ్లు రావట్లేదు, ఇటు కూడా ఒక పట్టు!" అని ఎవరో కేకేశారు. వేడికి నీళ్లలా పల్చబడ్డ నూనె లీటరున్నర బకెట్టులోకి దిగింది. ప్లంబరు టాపు కట్టేసి, సీట్లోకి దూకాడు.

"అలా కాదండీ! పైకెత్తి ఎడమకి! పైకెత్తి ఎడమకి!" అని భార్య అరుస్తోంది. హెల్మెట్‌లో అతనికి వినపడలేదు. ఉత్సాహపరుస్తోంది పాపం అనుకుని బొటనవేలు చూపించాడు. ఆమె తల కొట్టుకుని, కాలుతున్న టాపుని వట్టి చేత్తో తిప్పలేక, చేతిగుడ్డ దాని మూతిలో గట్టిగా కుక్కి బానెట్ మూసింది.

మిగతావాళ్లు రేసు ముగించి టీలు తాగుతున్నారు. జెండా మనిషి జెండా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఆకుపచ్చ కారు వస్తుంటే చూసి గబగబా మళ్లీ విప్పి ఊపాడు. మామగారు బల్ల మీదనుంచి లేచి నిలబడ్డారు. "పది" అన్నారు. కళ్లతో కాదు, చెవులతో లెక్కపెట్టారు.

సాయంత్రం షెడ్డు. కారు కింద పేపరు. మామగారు కుర్చీలో, పక్కన గడియారం. పళ్ల డాక్టరు కొత్త చొక్కాలో, ఈసారి బాగా దూరంగా నిలబడ్డాడు. భార్య టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

పావుగంట. అరగంట. పేపరు తెల్లగానే ఉంది. ప్లంబరు ఆగలేకపోయాడు. కారు చుట్టూ తిరిగి అద్దాలు తుడిచాడు. బానెట్ ఎత్తి చూస్తే టాపు మూతిలో నూనె గుడ్డ పీలిక ఒకటి వేలాడుతోంది. పది రౌండ్లు తిరిగొచ్చిన కారుకి ఈ పీలికేమిటని చిరాకుపడి, లాగి పారేశాడు. కంటికి నలుసు తీసినంత తృప్తిగా అనిపించింది.

యాభై రెండో నిమిషం. టప్.

ఆరేళ్లుగా వింటున్న చప్పుడు. ప్లంబరు చెవికి అది వేరే చెప్పక్కర్లేదు.

పేపరు మీద, సరిగ్గా మధ్యలో, గోధుమగింజంత నూనె చుక్క. చూస్తుండగానే రూపాయంత అయింది.

"పడింది" అన్నారు మామగారు. ఆయన గొంతులో సంతోషం లేదు. తాళం ఉన్న జేబులోకి చెయ్యి వెళ్లింది. "మాటంటే మాటే అల్లుడూ."

"మాటేనండీ" అన్నాడు ప్లంబరు. "ఇంజన్ చుక్క వదల్లేదు. నేను వదిలాను. గుడ్డ కూడా నేనే లాగాను." చెబుతుంటే ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

పళ్ల డాక్టరు ఒక అడుగు ముందుకేశాడు.

టప్. రెండో చుక్క.

టీ కప్పుల పళ్లెంతో వచ్చిన భార్య ఆ చప్పుడు విని పళ్లెం బల్ల మీద పెట్టింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. బానెట్ కింద చెయ్యి పెట్టి టాపు పిడిని కాస్త పైకెత్తి, ఎడమకి నొక్కి తిప్పింది. అంతా ఎదురుచూశారు. మూడో చుక్క రాలేదు.

"నీకెలా తెలుసమ్మా?" అన్నారు మామగారు.

"నా వంటింటి టాపే కదా నాన్నా. ఆరేళ్లు దీని కింద గిన్నె పెట్టి బతికాను. ఎలా తిప్పితే ఊరుకుంటుందో నాకు తెలీదా?"

మామగారు చాలాసేపు నవ్వారు. తర్వాత తాళం తీసి గాల్లో అటూ ఇటూ చూపించి, ఇద్దరిగా కనిపిస్తున్న కూతుళ్లలో ఒకరి చేతిలో సరిగ్గా పెట్టారు.

"నువ్వు ఓడిపోయావు, కాబట్టి నీకివ్వను" అన్నారు ప్లంబరుతో. పళ్ల డాక్టరు వైపు తిరిగారు. "నువ్వు తోలనే లేదు, అద్దాల గదిలో చేపల్ని పెట్టుకో. దీనిచేత మాట వినిపించడం తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంటే నేను బయట వెతికాను."

"వదినగారికి డ్రైవింగ్ వచ్చా?" అన్నాడు డాక్టరు.

"పెళ్లికి ముందు ఈ కారులోనే నేర్చుకున్నా" అంది ఆమె. "పెళ్లయ్యాక తోసేవాళ్లు దొరికారు కాబట్టి నాన్న నన్ను అడగలేదు."

తర్వాతి ఆదివారం పొద్దున్నే ప్లంబరు చేతులు కట్టుకుని భార్య ముందు నిలబడ్డాడు. "వీధి చివరిదాకా ఒక్కసారి..."

"పొగ తగ్గించే సామానంతా మళ్లీ బిగించారా?"

"నిన్ననే. పంపు, గొట్టం, బొగ్గు డబ్బా, ఊపిరి గొట్టం, అన్నీ ఎక్కడివక్కడే."

"ఆ పాత టాపు?"

"విప్పి తెచ్చా. చేతిలోనే ఉంది."

"వాషరు వెయ్యండి. ఆ తర్వాతే తాళం."

అతను మెట్టు మీద కూర్చుని పిడి విప్పి, అరిగిపోయిన పాత వాషరు తీసి, కొత్తది వేసి, మళ్లీ బిగించాడు. ఆమె గడియారం చూస్తూనే ఉంది.

నిజంగానే రెండు నిమిషాలు. ఆరేళ్లా రెండు నిమిషాలు.